ఫోటో స్టూడియోకు ప్లగిన్లు : కొనుగోలు, అమరిక, జాగ్రత్తలు

గ్రామీణ ప్రాంతాలలో స్వయం ఉపాధి కోసం బ్యాంకు ఋణం పొందే యూనిట్లలో ఫోటో స్టూడియోకు చాలాకాలంగా స్థానం ఉంది. ఒకప్పుడు ఆ ఋణం కెమెరాకు, ఎన్‌లార్జరుకు, డార్క్‌రూం సామగ్రికి సరిపోయేది. నేడు మండల కేంద్రంలోని చిన్న స్టూడియోలో సైతం డార్క్‌రూం కనిపించదు. దాని స్థానంలో ఒక కంప్యూటరు, ఒక కలర్ ప్రింటరు వచ్చాయి. పాస్‌పోర్టు సైజు ఫోటో మొదలుకొని పెళ్ళి వారి కరిజ్మా ఆల్బం వరకు, పుట్టినరోజు ఫ్లెక్సీ వరకు పని అంతా ఆ కంప్యూటరు తెర మీదనే జరుగుతున్నది.

ఋణ దరఖాస్తుకు జతపరచే కొటేషన్‌లో కెమెరా, లెన్సు, కంప్యూటరు, ప్రింటరు ధరలు వివరంగా ఉంటాయి. సాఫ్ట్‌వేర్ ఊసు మాత్రం చాలా కొటేషన్లలో ఉండదు. "అన్నీ వేసి ఇస్తాం" అనే డీలరు నోటిమాటతో ఆ విషయం ముగిసిపోతుంది. ఆ "అన్నీ" అన్న మాటలో ఫోటోషాప్ ఒకటి, దానికి తగిలించిన పదో ఇరవయ్యో ప్లగిన్లు మరొకటి. అవి ఎక్కడి నుండి వచ్చాయో, ఎవరి పేరున ఉన్నాయో, రేపు పనిచేయకపోతే ఎవరిని అడగాలో తెలియకుండానే యజమాని పెళ్ళిళ్ళ ఆర్డర్లు ఒప్పుకుంటాడు. ఆ ఆర్డర్ల ఆదాయం మీదనే ఋణ వాయిదాలు ఆధారపడి ఉంటాయి కనుక ప్లగిన్ల సంగతి కొంచెం వివరంగా తెలుసుకోవడం అవసరం.

ప్లగిన్ అంటే ఏమిటి?

ట్రాక్టరు ఒక్కటే ఉంటే దుక్కి సాగదు. దాని వెనుక లింకేజికి కల్టివేటరు తగిలిస్తే పొలం దున్నుతుంది. రోటవేటరు తగిలిస్తే మట్టిని గుల్ల చేస్తుంది. ట్రాక్టరు తయారుచేసిన కంపెనీయే రోటవేటరును కూడా తయారుచేయాలన్న నియమం లేదు. పిన్నుల కొలత, ఇంజను హార్స్‌పవరు సరిపోతే చాలు. ప్లగిన్ కూడా ఇటువంటి పనిముట్టే. అది స్వతంత్రంగా పనిచేయదు. ఫోటోషాప్, గింప్ వంటి ప్రధాన సాఫ్ట్‌వేర్‌కు తగిలించినప్పుడు అందులో లేని ఒక పనిని, లేదా ఉన్న పనినే మరింత త్వరగా, చేసిపెడుతుంది.

ఈ ఏర్పాటు కొత్తది కాదు. థామస్ నోల్, జాన్ నోల్ అనే సోదరులు రూపొందించిన ఫోటోషాప్‌ను అడోబీ సంస్థ 1990 ఫిబ్రవరిలో విడుదల చేసింది. ఇతరులు తయారుచేసిన పనిముట్లను తగిలించుకునే సౌకర్యం ఆ మొదటి వెర్షన్ నుండే ఉంది. 1992లో వచ్చిన కైస్ పవర్ టూల్స్ అనే ప్లగిన్ల సంపుటి అప్పటి డిజైనర్లలో ఎంతో పేరు పొందింది. మన స్టూడియోల వారికి ఎక్కువగా తెలిసినది ముఖచర్మాన్ని నునుపు చేసే పోర్ట్రేచర్. ఇది ఇమాజినోమిక్ అనే సంస్థ తయారుచేసినది. తక్కువ వెలుగులో తీసిన ఫోటోలలోని గరుకుదనాన్ని తగ్గించేవి కొన్ని, రంగులకు పాతకాలపు ఫిల్ము ఛాయను తెచ్చేవి కొన్ని ఉన్నాయి.

సందర్భం వచ్చింది కనుక ఒక మాట. చర్మాన్ని నునుపు చేసే ప్లగిన్‌ను పూర్తి మోతాదులో వాడితే పెళ్ళికూతురు మైనపు బొమ్మలాగా తయారవుతుంది. ఆల్బం చేతికి వచ్చిన తరువాత "మా అమ్మాయి ఇలా ఉండదే" అని తల్లి అంటే ఆ స్టూడియోకు ఆ ఊరిలో తరువాతి ఆర్డరు రావడం కష్టం. మంచి పనివాడు ఆ ఫలితాన్ని వేరే లేయరు మీద ఉంచి, దాని గాఢతను సగానికి పైగా తగ్గిస్తాడు.

ఇక్కడ మరొక విషయం గమనించాలి. "500 ప్లగిన్లు" అని పెన్‌డ్రైవ్‌లో పెట్టి అమ్మే వాటిలో చాలా భాగం అసలు ప్లగిన్లే కావు. అవి యాక్షన్లు, బ్రష్‌లు, ప్రీసెట్లు, ఆల్బం షీట్ల పీఎస్‌డీ టెంప్లేట్లు, తెలుగు ఫాంట్లు. యాక్షన్ అంటే ఒకరు వరుసగా చేసిన పనులను నమోదు చేసి ఉంచిన పట్టిక మాత్రమే. దానిని మీరే తయారుచేసుకోవచ్చు. ప్లగిన్ అలా కాదు. అది కంప్యూటరులో నడిచే ప్రోగ్రాం. యజమాని అనుమతితో లోపలికి వచ్చిన ప్రోగ్రాం మంచి పని చేయగలదు, చెడ్డ పనీ చేయగలదు. అందువల్ల ధర విషయంలోను, జాగ్రత్త విషయంలోను రెండింటినీ ఒకే గాటన కట్టరాదు.

కొనేముందు ఇంట్లో ఉన్నది చూసుకోవాలి

కొన్ని సంవత్సరాల క్రితం ప్లగిన్ లేకుండా సాధ్యం కాని పనులు అనేకం ఇప్పుడు ప్రధాన సాఫ్ట్‌వేర్‌లోనే చేరిపోయాయి. మనిషిని నేపథ్యం నుండి వేరుచేసి ఎంపిక చేసే సౌకర్యం 2018లో ఫోటోషాప్‌లోకి వచ్చింది. చర్మాన్ని నునుపు చేసే ఫిల్టరు 2020 అక్టోబరులో న్యూరల్ ఫిల్టర్ల పేరిట చేరింది. 2023 ఏప్రిల్‌లో గరుకుదనాన్ని తొలగించే కొత్త డీనాయిస్ సౌకర్యం కెమెరా రా విభాగంలోకి వచ్చింది. చందా కట్టి ఫోటోషాప్ వాడుతున్నవారు ఇవే పనుల కోసం విడిగా ప్లగిన్ కొనడానికి ముందు, చేతిలో ఉన్నదానితో ఒక వారం పని చేసి చూడడం మంచిది.

ఆ తరువాత లెక్క వేయాలి. ఒక పెళ్ళి ఆల్బంలో 300 ఫోటోలకు ముఖాలు సరిదిద్దవలసి ఉన్నదని అనుకుందాం. చేతితో ఒక్కొక్కదానికి 5 నిమిషాలు పడితే మొత్తం 25 గంటలు. ప్లగిన్‌తో 2 నిమిషాలలో అయితే 10 గంటలు. మిగిలినది 15 గంటలు. సంవత్సరానికి 4 పెళ్ళిళ్ళు చేసే స్టూడియోకు 60 గంటలు, 30 పెళ్ళిళ్ళు చేసే స్టూడియోకు 450 గంటలు కలిసివస్తాయి. ఒకే ధర పెట్టి కొన్న ప్లగిన్ మొదటివానికి భారం, రెండవవానికి లాభం. పొరుగు స్టూడియోలో ఉన్నది కనుక మనకూ కావాలనుకోవడం ఈ వృత్తిలో చాలా డబ్బును వృథా చేసింది.

ధర చెల్లించే పద్ధతి కూడా ముఖ్యమే. కొన్ని ప్లగిన్లను ఒకేసారి కొనుక్కోవచ్చు. కొన్ని ఏటేటా చందాకు లభిస్తాయి. ఫోటోషాప్ 2013 నుండి చందా మార్గం పట్టింది. చందా అన్నది అద్దె వంటిది. కెమెరా లాగా అది ఆస్తి కాదు. దానిని యంత్రసామగ్రి ఋణంలో కలపక, షాపు అద్దె, విద్యుత్ బిల్లు వలె నిర్వహణ ఖర్చులో చూపించాలి. ఆ మేరకు అవసరమైన మూలధనాన్ని బ్యాంకు శాఖలో ముందుగానే చర్చించాలి. 2015 ఏప్రిల్ 8న ప్రారంభమైన ప్రధానమంత్రి ముద్రా యోజన కింద పూచీకత్తు ఆస్తి లేకుండా శిశు విభాగంలో 50,000 రూపాయల వరకు, కిశోర్ విభాగంలో 5 లక్షల వరకు, తరుణ్ విభాగంలో 10 లక్షల వరకు ఋణం లభిస్తుంది. తరుణ్ ఋణాన్ని సక్రమంగా తీర్చినవారికి 20 లక్షల వరకు ఇచ్చే వీలు 2024 అక్టోబరులో కల్పించారు. నిర్వహణ మూలధనానికి కూడా ఈ ఋణం వర్తిస్తుంది.

అమరికకు ముందు మూడు ప్రశ్నలు

మీ ఫోటోషాప్ ఏ వెర్షన్? మీ విండోస్ ఏ వెర్షన్? ప్లగిన్ 32 బిట్‌దా, 64 బిట్‌దా? ఈ మూడింటికి సమాధానం తెలియకుండా డబ్బు చెల్లించరాదు.

మూడవ ప్రశ్న దగ్గరనే ఎక్కువమంది దెబ్బతింటున్నారు. ఇది పూర్వం చెప్పిన పిన్నుల కొలత వంటిది. 32 బిట్ ప్లగిన్ 64 బిట్ ఫోటోషాప్‌లో కూర్చోదు. 2018 అక్టోబరులో విడుదలైన వెర్షన్ నుండి విండోస్‌లో ఫోటోషాప్ కేవలం 64 బిట్ రూపంలోనే వస్తున్నది. అందుచేత పాత కంప్యూటరులో ఎన్నో ఏళ్ళు చక్కగా పనిచేసిన ప్లగిన్ కొత్త కంప్యూటరులో కనిపించకుండా పోవడం వింత కాదు. తప్పు కంప్యూటరుదీ కాదు, డీలరుదీ కాదు. పనిముట్టు కొలత మారింది.

ప్లగిన్ యాజమాన్యం కూడా మారుతుంది. నిక్ కలెక్షన్ చరిత్ర ఇందుకు మంచి ఉదాహరణ. రంగులకు, నలుపు తెలుపు చిత్రాలకు పేరుపొందిన ఈ సంపుటిని తయారుచేసిన నిక్ సంస్థను 2012లో గూగుల్ కొనుగోలు చేసింది. 2016 మార్చిలో దానిని ఉచితం చేసింది. ఉచితమైనదని సంతోషించిన వారికి, ఇక దానిపై కొత్త పని జరగదన్న సంగతి కొద్దికాలంలోనే తెలిసివచ్చింది. 2017 అక్టోబరులో ఫ్రాన్సుకు చెందిన డిఎక్స్‌ఓ సంస్థ దానిని తీసుకుని, తిరిగి ధరకు అమ్మే సరుకుగా మార్చింది. ఉచిత కాలం నాటి ప్రతిని ఇప్పటికీ దాచుకుని కొత్త ఫోటోషాప్‌లో అమర్చి, అది మధ్యలో ఆగిపోతే విండోస్‌ను నిందించడం సరికాదు.

అమర్చే విధానం

ప్లగిన్ మూడు రూపాలలో ఏదో ఒక రూపంలో వస్తుంది. మొదటిది సొంత ఇన్‌స్టాలరుతో వచ్చేది. ఫోటోషాప్‌ను మూసివేసి, ఇన్‌స్టాలరును నడిపించాలి. కంప్యూటరులో రెండు ఫోటోషాప్ వెర్షన్లు ఉంటే దేనికి తగిలించాలో అది అడుగుతుంది. అడిగిన ప్రశ్న చదవకుండా వరుసగా "నెక్స్ట్" నొక్కుకుంటూ పోయేవారే తరువాత ప్లగిన్ రాలేదని డీలరు వద్దకు వస్తారు.

రెండవది ఒకే ఫైలుగా వచ్చేది. ఆ ఫైలు పేరు చివర 8బిఎఫ్ అని ఉంటుంది. దీనిని చేతితో నకలు చేయాలి. సి డ్రైవ్‌లో ప్రోగ్రాం ఫైల్స్, అందులో అడోబీ, అందులో మీ ఫోటోషాప్ వెర్షన్ పేరు గల ఫోల్డరు, దానిలో ప్లగిన్స్ అనే ఫోల్డరు ఉంటాయి. అక్కడ ఫైలును ఉంచడానికి విండోస్ అడ్మినిస్ట్రేటరు అనుమతి అడుగుతుంది. జిప్ రూపంలో వచ్చిన దానిని ముందుగా విప్పాలి. జిప్ ఫైలునే ఫోల్డరులో పడవేస్తే ఫోటోషాప్ దానిని చదవదు. సంవత్సరానికొకసారి కొత్త వెర్షన్ వచ్చినప్పుడు దాని ఫోల్డరు వేరుగా ఏర్పడుతుంది. పాత ఫోల్డరులోని ప్లగిన్ దానంతట అది కొత్తదానిలోకి రాదు. మళ్ళీ అమర్చాలి.

మూడవది 2020 అక్టోబరు తరువాత వచ్చిన కొత్త పద్ధతి. ఈ ప్లగిన్లు అడోబీ క్రియేటివ్ క్లౌడ్ యాప్ ద్వారా వస్తాయి. విడిగా ఫైలు చేతికి వస్తే దానిని రెండుసార్లు క్లిక్ చేయగానే ఆ యాప్ తెరుచుకుని, అమర్చమంటారా అని అడుగుతుంది. ఇవి ఫిల్టర్ మెనూలో కాక, ప్లగిన్స్ అనే ప్రత్యేక మెనూలో కనిపిస్తాయి. పాత రకం ప్లగిన్లు మాత్రం ఫిల్టర్ మెనూ అడుగు భాగంలో ఉంటాయి. ఏ రకమైనా ఫోటోషాప్‌ను ఒకసారి మూసి తెరిచిన తరువాతనే వెతకడం మంచిది.

మెనూలో పేరు కనిపించినా వెలిసిపోయినట్లు ఉండి నొక్కుడు పడకపోతే కంగారు అవసరం లేదు. ఇమేజ్ మెనూలో మోడ్ ఏమున్నదో చూడాలి. చాలా ప్లగిన్లు ఆర్‌జీబీ చిత్రాలపైననే పనిచేస్తాయి. ఫ్లెక్సీ కోసమో, ప్రెస్సు కోసమో ఫోటోను ముందే సీఎంవైకే లోకి మార్చి ఉంటే ప్లగిన్ నిరాకరిస్తుంది. ముందు ప్లగిన్ పని పూర్తిచేసి, ఆ తరువాతనే సీఎంవైకే లోకి మార్చడం సరైన వరుస. కొన్ని పాత ప్లగిన్లకు 8 బిట్ చిత్రమే కావాలి. అక్షరాల లేయరునో, కనిపించకుండా దాచిన లేయరునో ఎంచుకుని ఉన్నా ఇదే ఇబ్బంది కలుగుతుంది.

ప్లగిన్ పెట్టిన తరువాత ఫోటోషాప్ తెరుచుకోవడమే మానివేస్తే షిఫ్ట్ మీటను అదిమి ఉంచి దానిని ప్రారంభించాలి. ఇతర సంస్థల ప్లగిన్లను వదిలివేయమంటారా అని అది అడుగుతుంది. అవునన్నప్పుడు సక్రమంగా తెరుచుకుంటే దోషం ప్లగిన్‌దేనని తేలినట్లే. చివరగా పెట్టినదానిని తీసివేసి చూడాలి. హెల్ప్ మెనూలోని సిస్టమ్ ఇన్‌ఫోలో తెరుచుకోలేకపోయిన ప్లగిన్ల పేర్లు కూడా ఉంటాయి. ఈ రెండు సంగతులు తెలియక మొత్తం విండోస్‌ను చెరిపి మళ్ళీ వేయించుకుని, దానికి మెకానిక్కుకు డబ్బు ఇచ్చేవారు ఉన్నారు.

ఇటువంటి మార్పులకు సమయం చూసుకోవాలి. ఆషాఢంలోనో, మూఢం రోజులలోనో ముహూర్తాలు ఉండవు కనుక చేతిలో పని తక్కువ. కొత్త వెర్షన్, కొత్త ప్లగిన్ అప్పుడే పెట్టి పాత ఫోటోలపై పరీక్షించాలి. చాలా సంస్థలు కొద్ది రోజుల ఉచిత పరీక్షకు ప్లగిన్‌ను ఇస్తాయి. ఆ గడువును కూడా అప్పుడే వాడుకోవాలి. మాఘమాసంలో, నాలుగు ఆల్బంలు బాకీ ఉన్న వారంలో అప్‌డేట్ చేయడం సాహసం.

ఉచిత మార్గం

ఖర్చు భరించలేనివారికి గింప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. 1995లో అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయ విద్యార్థులు స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ దీనిని ప్రారంభించారు. దీనికి ఫ్రాన్సులోని కాన్ నగర పరిశోధనశాలలో 2008 నుండి అభివృద్ధి చేస్తున్న జీమిక్ అనే ప్లగిన్‌ను తగిలిస్తే వందలాది ఫిల్టర్లు ఉచితంగా లభిస్తాయి. గరుకుదనం తగ్గించడం, పాత ఫోటోల గీతలు మాన్పడం వంటివి అందులో ఉన్నాయి. జీమిక్ సొంత వెబ్‌సైటు నుండే విండోస్ ఇన్‌స్టాలరును తీసుకోవచ్చు.

అయితే 2025 మార్చిలో గింప్ 3.0 వెలువడింది. పాత 2.10 కోసం వ్రాసిన ప్లగిన్లు దానిలో యథాతథంగా పనిచేయవు. చేతితో అమర్చేవాటి విషయంలో ప్రతి ప్లగిన్‌ను దాని పేరే గల విడి ఫోల్డరులో ఉంచాలి. ఆ ఫోల్డర్లు ఎక్కడ ఉండాలో ఎడిట్ మెనూలోని ప్రిఫరెన్సెస్‌లో, ఫోల్డర్స్ కింద కనిపిస్తుంది. మరొక పరిమితి కూడా చెప్పాలి. బజారులో దొరికే ఆల్బం టెంప్లేట్లు పీఎస్‌డీ రూపంలో, ఫోటోషాప్‌ను దృష్టిలో ఉంచుకుని తయారుచేసినవి. వాటిలోని కొన్ని అంశాలు గింప్‌లో సక్రమంగా తెరుచుకోవు. పాస్‌పోర్టు ఫోటోలు, పాత ఫోటోల మరమ్మతు ప్రధానమైన స్టూడియోకు గింప్ చక్కగా సరిపోతుంది. ఆల్బంల మీదనే బ్రతికే స్టూడియోకు అది ఒక్కటే చాలదు.

క్రాకు ప్రతుల ప్రమాదం

తాళం విరిచిన ప్రతినే వాడుకలో క్రాకు అంటున్నారు. దానితోపాటు వచ్చే సూచనలలో మొదటిది దాదాపు ఎప్పుడూ ఒక్కటే: యాంటీవైరస్‌ను ఆపివేయండి. ఇంటి కాపలావానిని పంపివేసి కొత్తవానికి తలుపు తీయమనడం వంటిది ఇది.

2018లో బయటపడిన స్టాప్, మరొక పేరు డీజేవీయూ, అనే వైరసు ప్రధానంగా క్రాకు సాఫ్ట్‌వేర్, కీ జనరేటర్ల ద్వారానే వ్యాపించింది. పెద్ద కంపెనీలను వదిలి ఇళ్ళలోని, చిన్న దుకాణాలలోని కంప్యూటర్లను ఇది పట్టుకుంది. ఫోటోలు, పత్రాలు అన్నింటికీ రహస్య తాళం వేసి, పేర్ల చివర కొత్త అక్షరాలు తగిలించి, తాళం తీయడానికి 980 డాలర్లు, 72 గంటలలో సంప్రదిస్తే 490 డాలర్లు ఇవ్వమని చీటీ పెడుతుంది. 2019 అక్టోబరులో ఎమ్సిసాఫ్ట్ అనే భద్రతా సంస్థ ఉచిత విడుదల సాధనాన్ని ఇచ్చింది. అది పాత రకాలలో చాలావాటికి పనిచేసింది. 2019 ఆగస్టు తరువాతి రకాలలో కొన్ని సందర్భాలలో మాత్రమే ఉపయోగపడుతుంది.

కిరాణా దుకాణంలో లెక్కల ఫైలు పోతే రశీదులు చూసి తిరిగి వ్రాసుకోవచ్చు. స్టూడియోలో పోయేది తాళి కట్టే క్షణం. దానిని మళ్ళీ తీయలేము. అడ్వాన్సు తిరిగి ఇవ్వడంతో తీరే నష్టం కాదది. కాబట్టి ఏ కొత్త ప్లగిన్ పెట్టే ముందయినా ఫోటోల నకలును వేరే హార్డ్ డిస్కులో వేసి, ఆ డిస్కు తీగను కంప్యూటరు నుండి ఊడదీయాలి. తగిలించి ఉంచిన డిస్కుకు కూడా వైరసు తాళం వేయగలదు. ఆల్బం అందజేసి, పెళ్ళివారు ఫోటోలు సరిచూసుకునే వరకు కెమెరా కార్డును చెరపకుండా ఉంచుకోగలిగితే మరింత మేలు. ప్రమాదం జరిగినట్లు తోస్తే ఇంటర్నెట్ తీసివేసి, ఫైళ్ళను చెరపకుండా ఉంచి, జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో గాని, స్థానిక పోలీసు స్టేషన్‌లో గాని ఫిర్యాదు చేయాలి. డబ్బు కూడా పోయినట్లయితే 1930 నంబరుకు వెంటనే ఫోన్ చేయాలి.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. కాపీరైట్ చట్టం, 1957 లోని 63-బి సెక్షన్ ప్రకారం, అక్రమ ప్రతి అని తెలిసి కంప్యూటరు ప్రోగ్రాంను వాడినవారికి 7 రోజులకు తక్కువ కాకుండా 3 సంవత్సరాల వరకు జైలు, 50,000 రూపాయలకు తక్కువ కాకుండా 2 లక్షల వరకు జరిమానా విధించవచ్చు. లాభాపేక్ష లేని వాడకానికి కోర్టు జైలుశిక్ష లేకుండా వదలే వీలున్నది గాని, స్టూడియో వ్యాపారం కనుక ఆ వెసులుబాటును ఆశించలేము. అక్రమ ప్రతులు వేసి కంప్యూటర్లు అమ్మే డీలర్లకు ఇదే చట్టంలోని 63వ సెక్షన్ ఉంది.

బిల్లు, లైసెన్సు

డీలర్లు కొటేషన్‌లో సాఫ్ట్‌వేర్‌ను, ప్రతి ప్లగిన్‌ను విడి పంక్తులలో, వెర్షన్ నంబరుతో, ఒకేసారి కొనుగోలా చందానా అన్న వివరంతో చూపించాలి. జి.ఎస్.టి. బిల్లు కొనుగోలుదారు పేరున ఉండాలి. లైసెన్సు నమోదుకు ఇచ్చే ఈ-మెయిల్ కూడా కొనుగోలుదారుదే కావాలి. డీలరు తన ఈ-మెయిల్‌తో నమోదు చేసి ఇచ్చి, తరువాత దుకాణం ఎత్తివేస్తే పాస్‌వర్డు మార్చుకునే దారి యజమానికి ఉండదు.

చాలా ప్లగిన్ల లైసెన్సు ఒకటి లేక రెండు కంప్యూటర్లకే వర్తిస్తుంది. పాత కంప్యూటరును అమ్మే ముందు, లేదా విండోస్ మళ్ళీ వేయించే ముందు, ప్లగిన్‌ను తెరిచి దానిలోని డీయాక్టివేట్ అనే అంశాన్ని నొక్కి లైసెన్సును విడిపించుకోవాలి. ఆ పని మరచినవారు బిల్లు ప్రతిని, లైసెన్సు నంబరును జతచేసి తయారీ సంస్థకు ఈ-మెయిల్ వ్రాస్తే విడిపించే అవకాశం ఉంటుంది. ఋణ పత్రాలతో పాటు ఆ బిల్లు ప్రతిని కూడా ఒకే ఫైలులో ఉంచుకోవాలి.